ట్యాగు చెప్పేది ట్యాగు సంగతే

2025 జులైలో భారత జాతీయ రహదారుల ప్రాధికార సంస్థ ఒక చిత్రమైన ప్రకటన చేసింది. ఫాస్టాగ్‌ను బండి ముందు అద్దానికి అతికించకుండా, టోల్‌గేటు దగ్గరికి వచ్చినప్పుడు మాత్రం చేత్తో పైకెత్తి చూపించేవారి ట్యాగులను బ్లాక్‌లిస్టులో పెడతామన్నది దాని సారాంశం. అంతకు ఏడాది ముందే, అద్దానికి అతికించని వాహనాల దగ్గర రెట్టింపు రుసుం వసూలు చేయాలని అదే సంస్థ ఆదేశించింది. చిత్రమని ఎందుకు అన్నానంటే, చేతిలో పట్టుకున్న ట్యాగును కూడా గేటు చక్కగా చదువుతుంది, ఖాతాలోంచి డబ్బూ పోతుంది, గేటూ లేస్తుంది. యంత్రం దృష్టిలో అక్కడ జరిగిన తప్పేమీ లేదు. అభ్యంతరమంతా మరొక చోట ఉంది. ట్యాగు వచ్చిందని గేటుకు తెలుస్తోంది గానీ, ఏ బండి పేరు మీద ఆ ట్యాగు ఇచ్చారో ఆ బండే వచ్చిందని తెలియడం లేదు. కార్లకూ జీపులకూ ఇచ్చే ఊదారంగు ట్యాగును లారీ క్యాబిన్‌లో కూర్చుని చూపించినా, ట్యాగు మాత్రం తాను కారుదాన్నేనని చెబుతుంది.

ఆర్‌ఎఫ్‌ఐడీ అని పిలుచుకుంటున్న ఈ రేడియో తరంగాల గుర్తింపు పద్ధతి మీద నాకున్న అభిమానమూ, నా ఫిర్యాదూ రెండూ ఈ ఒక్క విషయం దగ్గరే పుట్టాయి. గ్రంథాలయాలకూ గోదాములకూ ఈ పరికరాలను అమర్చే పని కొంతకాలం చేసినవాడిగా, ఇది ఎంత పొందికైన సాంకేతికతో నాకు తెలుసు. అయితే ట్యాగు సాక్ష్యం ట్యాగు మటుకే చెల్లుతుంది. ఆ హద్దు తెలిసి కట్టిన చోట అది అద్భుతంగా పనిచేస్తుంది. హద్దు మరిచి, ట్యాగు పలికితే మనిషి వచ్చినట్టు, పలకకపోతే మనిషి మోసం చేసినట్టు లెక్కగట్టిన చోట అన్యాయం మొదలవుతుంది. మన దగ్గర ఈ రెండో రకం పెరుగుతోందన్నదే నా ఆందోళన.

ముందుగా పనితీరు చెప్పుకోవాలి, ఎందుకంటే వాదనకు మూలం అక్కడే ఉంది. ఈ మధ్య బట్టల దుకాణాల్లో ధర చీటీలు కాస్త మందంగా వస్తున్నాయి. అటువంటిదాన్ని వెలుతురుకు అడ్డంగా పెట్టి చూస్తే లోపల మెలికలు తిరిగిన సన్నటి అల్యూమినియం గీతలు, వాటి నడుమ ఆవగింజలో సగమైనా లేని నల్లటి చుక్క కనిపిస్తాయి. గీతలు యాంటెన్నా, చుక్క చిప్పు. బ్యాటరీ ఉండదు. ట్యాగును చదివే యంత్రం, అంటే రీడరు, వదిలే రేడియో తరంగాల్లోంచే చిప్పు తనకు కావలసిన శక్తిని పిండుకుంటుంది. రీడరు ఒక వాటు దాకా శక్తిని పంపితే ట్యాగుకు చేరేది వాటులో లక్షో వంతు మాత్రమే, అయినా అది మేలుకోవడానికి సరిపోతుంది. జవాబు చెప్పడానికి తన దగ్గర ప్రసారం చేసే శక్తి లేదు కనుక, మీద పడిన తరంగాన్నే ఒకసారి ఎక్కువగా, ఒకసారి తక్కువగా తిప్పికొడుతుంది. ఎండలో చేతి అద్దాన్ని అటూ ఇటూ కదిలించి దూరాన ఉన్నవాడికి సైగ చేయడం లాంటిదే ఇది. మన దేశంలో ఈ రకం ట్యాగులకు 2005లో 865 నుంచి 867 మెగాహెర్ట్జ్ మధ్య ఉన్న పట్టీని లైసెన్సు అవసరం లేకుండా కేటాయించారు. ఆ తరంగం పొడవు సుమారు 35 సెంటీమీటర్లు, అందుకే యాంటెన్నాను మెలికలు తిప్పి చీటీలో ఇరికిస్తారు. నీరు ఈ తరంగాన్ని మింగేస్తుంది, లోహం వెనక్కి కొట్టేస్తుంది. మంచినీళ్ల సీసాలకూ ఇనుప పెట్టెలకూ ట్యాగులు వేయబోయినవాళ్లు ఈ రెండు వాక్యాలను కష్టపడి నేర్చుకున్నారు.

ఒకే చోట వంద ట్యాగులుంటే అన్నీ ఒకేసారి పలికి గందరగోళం కాదా అన్న సందేహం సహజం. 2004లో ఖరారైన రెండో తరం ప్రమాణం దీనికి ముచ్చటైన ఉపాయం చెప్పింది. రీడరు ఒక పరిధి ప్రకటిస్తుంది, ప్రతి ట్యాగూ ఆ పరిధిలో తోచిన అంకె ఒకటి ఎంచుకుంటుంది, సున్నా వచ్చినది ముందు పలుకుతుంది, మిగతావి తమ అంకెను ఒక్కొక్కటే తగ్గించుకుంటూ వంతు కోసం ఆగుతాయి. పలికే ట్యాగు కూడా తన అసలు సంఖ్యను వెంటనే చెప్పదు. అప్పటికప్పుడు పుట్టించిన 16 బిట్ల సంఖ్యను పంపుతుంది, రీడరు దాన్ని పొల్లుపోకుండా తిరిగి పలికితే, అప్పుడు అసలు సంఖ్య చెబుతుంది. ఇంత మర్యాద పాటించే ట్యాగు ఒక్క ప్రశ్న మాత్రం వేయదు: ఇంతకీ అడుగుతున్నది ఎవరు? సరైన పద్ధతిలో అడిగిన ఏ రీడరుకైనా అది తన సంఖ్య చెప్పేస్తుంది. చౌకగా ఉండాలంటే అంతకంటే తెలివి పెట్టడం కుదరదు.

బ్యాటరీ లేకుండా తరంగాన్ని తిప్పికొట్టే ఉపాయానికి పుట్టుక కూడా గుర్తింపు కోసం కాదు, గూఢచర్యం కోసం. 1945 ఆగస్టులో సోవియట్ బాలబాలికలు మాస్కోలోని అమెరికా రాయబారి ఆవెరెల్ హారిమన్‌కు చెక్కతో చెక్కిన అమెరికా రాజముద్రను కానుకగా ఇచ్చారు. అది రాయబారి నివాసంలో గోడ మీద ఏడేళ్లు వేలాడింది. లోపల సోవియట్ ఇంజనీరు లియోన్ థెరెమిన్ రూపొందించిన చిన్న బోలు లోహపు డబ్బా, దానికి ఒక పలుచని పొర, ఒక యాంటెన్నా ఉన్నాయి, అంతే. బయట నుంచి సోవియట్ వాళ్లు తరంగం వదిలితే, గదిలోని మాటలకు పొర కదిలి, ఆ కదలిక తిప్పికొట్టిన తరంగంలో కనిపించేది. తీగలు లేవు, కరెంటు లేదు, వెతికితే దొరకదు. 1952లో గానీ బయటపడలేదు. 1948లో హారీ స్టాక్‌మన్ తిప్పికొట్టిన శక్తితో సమాచారం పంపడం గురించి వ్యాసం రాశాడు, 1973లో అమెరికాలో తొలి పేటెంట్లు వచ్చాయి. ఆ మధ్యకాలపు చరిత్ర ఈ వాదనకు అంతగా అక్కరలేదు.

అక్కరకొచ్చేది 1999లో మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో మొదలైన ఆటో-ఐడీ కేంద్రం తీసుకున్న ఒక నిర్ణయం. కెవిన్ ఆష్టన్, సంజయ్ శర్మ తదితరులు కలిసి, ట్యాగులో వస్తువు వివరాలన్నీ నింపడం మానేసి, ఒక్క సంఖ్య మాత్రమే ఉంచి, ఆ సంఖ్యకు అర్థం ఏమిటన్నది కంప్యూటర్ల వలలో దాచాలన్నారు. దాంతో చిప్పు చిన్నదైంది, ధర దిగింది, కోట్ల వస్తువులకు ట్యాగు వేయడం సాధ్యమైంది. అయితే ఆ నిర్ణయంతోనే ఇంకొకటీ జరిగిపోయింది. ట్యాగులో ఉన్నది సాధారణంగా 96 బిట్ల సంఖ్య. ఆ సంఖ్య ఒక కారు అనీ, ఒక కూలీ అనీ, ఒక పిల్లవాడు అనీ చెబుతున్నది ఎక్కడో ఒక పట్టికలో ఎవరో ఎక్కించిన వరుస. ఆ వరుస తప్పయితే, లేదా సంఖ్యకూ వస్తువుకూ ఉన్న జిగురు ఊడిపోతే, రేడియో భాగం ఎంత నిక్కచ్చిగా పనిచేసినా వచ్చే జవాబు అబద్ధమే.

దీన్ని నేను చూసిన వాళ్లలో అందరికంటే బాగా అర్థం చేసుకున్నది విజయవాడలో ఒక నగల వ్యాపారి. మన పట్టణాల్లోని పెద్ద నగల దుకాణాల్లో ఇప్పుడు ప్రతి ఉంగరానికీ, ప్రతి గొలుసుకూ దారంతో ఒక బుల్లి ట్యాగు కట్టి ఉంటుంది. బంగారం లోహం కాబట్టి ట్యాగు నగకు ఆనకుండా చిన్న జెండాలా పక్కకు నిలిచేలా చేస్తారు. రాత్రి కొట్టు కట్టే ముందు ట్రేలను ఒక్కొక్కటిగా రీడరు పలక మీద పెడితే క్షణాల్లో లెక్క తెర మీదికి వస్తుంది. ఒకప్పుడు నలుగురు కూర్చుని చీటీలు చూసి పిలుస్తూ పుస్తకంలో టిక్కులు పెట్టే పని అది. ఆ కొట్టులో లెక్క సరిపోయాక ట్రేను మళ్లీ కాటా మీద పెట్టి తూచడం చూశాను. రీడరు సరిపోయిందని చెప్పాక మళ్లీ తూకం ఎందుకని అడిగితే, ఆయన చేస్తున్న పని ఆపకుండానే, ‘దారం తెగితే దేని దారి దానిదేనండీ’ అన్నారు. ట్యాగు లెక్క వేరు, తూకం లెక్క వేరు, రెండూ కలిస్తేనే తాళం పడుతుంది. ట్యాగు వల్ల పని వేగం పెరిగిందని ఒప్పుకున్నారు, బంగారం అక్కడ ఉన్నదనడానికి మాత్రం కాటానే సాక్షి. ఈ సాంకేతికతకు ఎక్కడ హద్దు గీయాలో ఏ టెండరు పత్రంలోనూ నాకు ఇంత స్పష్టంగా కనిపించలేదు.

గ్రంథాలయం మరొక మంచి ఉదాహరణ. అక్కడ వాడేది ఎక్కువగా 13.56 మెగాహెర్ట్జ్ రకం, కొద్ది దూరం నుంచే చదువుతుంది. వెనక అట్ట లోపల అతికించిన ట్యాగులో పుస్తకం సంఖ్యతో పాటు, పుస్తకం సక్రమంగా ఇచ్చారా లేదా అని తెలిపే ఒక గుర్తు ఉంటుంది. ఆ గుర్తు మారకుండా గుమ్మం దాటితే గంట మోగుతుంది. బంగారు రేకు ముద్రించిన అట్టలు, లోపల సీడీ ఉన్న పుస్తకాలు, ఒకదాన్నొకటి ఒరుసుకునే పలుచని పుస్తకాలు సతాయిస్తాయి, అల్యూమినియం కాగితం తెలిసిన విద్యార్థికి గుమ్మం అడ్డేమీ కాదు. అయినా దీని అసలు లాభం దొంగలను పట్టడంలో లేదు. చేతిలో ఇమిడే రీడరుతో అలమార వెంట నడుస్తూ పోతే, తప్పుడు చోట పెట్టిన పుస్తకం ఉన్నచోటు నుంచే పలుకుతుంది. వేల పుస్తకాలున్న గ్రంథాలయంలో తప్పుడు అరలో ఉన్న పుస్తకం పోయినదానితో సమానం. వేసవి సెలవుల్లో ఊపిరాడని ధూళిలో యాక్సెషన్ రిజిస్టరు పట్టుకుని స్టాక్ వెరిఫికేషన్ చేసిన లైబ్రేరియన్లకు ఇది ఎంత ఊరటో వాళ్లనే అడగాలి. ఇక్కడ ట్యాగును అడుగుతున్నది దానికి తెలిసిన ప్రశ్నే: నువ్వు ఎక్కడున్నావు? ఒకటీ అరా పలకకపోతే పుస్తకానికి జరిమానా పడదు, మనిషి వెళ్లి చేత్తో చూసుకుంటాడు.

పలకని ట్యాగుతో ఎలా వ్యవహరించాలన్న దానికి నాకు తెలిసిన గొప్ప నమూనా మన ముంగిట్లోనే, దక్షిణ మధ్య రైల్వేలో ఉంది. రైళ్లు ఢీకొనకుండా ఆపే కవచ్ వ్యవస్థ తొలి క్షేత్ర పరీక్షలు లింగంపల్లి, వికారాబాద్, వాడి, బీదర్ మార్గాల్లో జరిగాయి. దీన్ని తయారుచేయడానికి మొదట ఆమోదం పొందిన మూడు సంస్థలు, మేధా సర్వో డ్రైవ్స్, హెచ్‌బీఎల్, కెర్నెక్స్, హైదరాబాద్‌వే. 2022 మార్చి 4న గుల్లగూడ, చిట్గిడ్డ స్టేషన్ల మధ్య ఒకే పట్టా మీద రెండు ఇంజన్లను ఎదురెదురుగా నడిపి చూశారు. ఒకదానిలో రైల్వే మంత్రి, మరొకదానిలో రైల్వే బోర్డు ఛైర్మన్ ఉండగా, ఎదుటి ఇంజనుకు 380 మీటర్ల దూరంలో బండి దానంతటదే ఆగింది. పత్రికలన్నీ రాసింది ఆ ఆగడం గురించే. పట్టాల మధ్య స్లీపర్ల మీద బోల్టులతో బిగించి ఉన్న ట్యాగుల గురించి పెద్దగా ఎవరూ రాయలేదు.

తానెక్కడ ఉన్నదీ రైలు తెలుసుకోవాలి. చక్రం ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టి దూరం కట్టవచ్చు గానీ, చక్రం అరుగుతుంది, వానలో పట్టా మీద జారుతుంది, చిన్న చిన్న పొరపాట్లు కిలోమీటర్ల మీద పోగవుతాయి. అందుకని సుమారు కిలోమీటరుకొకచోటా, సిగ్నళ్ల దగ్గరా, స్టేషన్ లైన్లలోనూ ట్యాగులు పెట్టారు. ఇంజను కింద ఉన్న రీడరు ట్యాగు మీదుగా వెళ్లిన క్షణంలో తన స్థానం కచ్చితంగా తెలుసుకుని, అంతవరకూ పోగైన తప్పును చెరిపేసుకుంటుంది. రెండు పట్టాలు పక్కపక్కనే ఉన్నచోట ఏ పట్టా మీద ఉన్నదీ కూడా ట్యాగే చెబుతుంది, ఉపగ్రహం అంత నమ్మకంగా చెప్పలేని సంగతి అది. ఇందులో నన్ను ఆకట్టుకున్నది రెండు జాగ్రత్తలు. ఒకటి, ట్యాగులను జంటగా పెట్టడం, ఒకటి పాడైనా రెండోది పలుకుతుంది. రెండోది, ముందు ఏ ట్యాగు రావాలో రైలుకు ముందే తెలిసి ఉండడం. రావలసినది రాకపోతే ఆ లోటును వ్యవస్థ తన లోటుగానే లెక్కేసుకుని, లోకో పైలట్‌ను హెచ్చరించి, తన పూర్తి పర్యవేక్షణను వదులుకుని, మరింత జాగ్రత్తైన పద్ధతిలోకి దిగుతుంది. అంటే ట్యాగు పలకకపోవచ్చన్నది దాని రూపకల్పనలోనే ఉంది. దక్షిణ మధ్య రైల్వేలో 1,465 కిలోమీటర్ల మేర ఇది పరుచుకుంది. ప్రాణాలతో ముడిపడిన పని కనుకనే ఈ శ్రద్ధ అని కొట్టిపారేయవచ్చు, కానీ ఈ శ్రద్ధలో ఖరీదైన పరికరం కంటే ఆలోచనే ఎక్కువ.

ఈ కంటితో టోల్‌గేటును చూడండి. ఫాస్టాగ్ వల్ల మేలు జరగలేదని నేను అనడం లేదు. 2010లో నందన్ నీలేకని నాయకత్వంలోని కమిటీ దేశమంతటికీ ఒకే రకం, బ్యాటరీ లేని ట్యాగు చాలని సిఫార్సు చేసినప్పుడు అది దూరదృష్టి గల సలహా. ఏ బ్యాంకు ట్యాగైనా ఏ గేటులోనైనా చెల్లే ఏర్పాటు చాలా దేశాల్లో ఇప్పటికీ లేదు. 2018–19లో టోల్ ప్లాజా దగ్గర సగటున 8 నిమిషాలు ఆగవలసి వచ్చేదని, 2021–22 నాటికి అది 47 సెకన్లకు తగ్గిందని ప్రభుత్వం పార్లమెంటులో చెప్పింది. సంక్రాంతి ముందు రోజుల్లో హైదరాబాద్ నుంచి విజయవాడ వైపు వెళ్లేవాళ్లు పంతంగి దగ్గర ఆ సగటును తలచుకుని నవ్వుకోవచ్చు, అయినా మామూలు రోజుల్లో తేడా కళ్లకు కనిపించేదే.

చిక్కంతా ట్యాగు పలకని ఆ కొద్ది సందర్భాల్లో ఉంది. ఒక గేటులో నాకు జరిగింది చెబుతాను, ఇది చాలామందికి అనుభవమే. నా ముందు బండి సాఫీగా పోయింది, నాది ఆగింది. పసుపు జాకెట్టు వేసుకున్న కుర్రవాడు వచ్చి, ‘సార్, కొంచెం వెనక్కి తియ్యండి’ అన్నాడు. తీశాను. ‘ఇప్పుడు మెల్లగా రండి’ అన్నాడు. వచ్చాను. లాభం లేదు. పొడవాటి కర్రకు బిగించిన రీడరును అద్దానికి ఆనించి చూశాడు, అదీ పలకలేదు. ‘ట్యాగు పనిచేస్తలేదు సార్, డబుల్ కట్టాలె’ అన్నాడు. ఖాతాలో సొమ్ముంది, ట్యాగు చెల్లుబాటులో ఉంది, ఫోనులో చూపించాను. పరికరాల లోపం వల్ల చదవలేకపోతే, ఖాతాలో తగినంత సొమ్మున్న వాహనాన్ని రుసుం లేకుండా పంపి, సున్నా లావాదేవీ రసీదు ఇవ్వాలని 2018లో కేంద్రమే నిబంధన తెచ్చిందని చెప్పాను. ఆ కుర్రవాడు మర్యాదగానే, ‘మా సిస్టంల అట్ల ఆప్షన్ లేదు సార్’ అన్నాడు. వెనక హారన్లు మొదలయ్యాయి. కట్టి బయటపడ్డాను, ఆ తర్వాతి గేటులో అదే ట్యాగును దూరం నుంచే చదివారు.

ఆ కుర్రవాడి మీద నాకు కోపం లేదు. నిబంధన కాగితం మీద ఉండి, దాన్ని అమలు చేసే మీట తెర మీద లేనప్పుడు అతను మాత్రం ఏం చేస్తాడు? నేను ఎత్తిచూపుతున్నది తప్పు భారం పడే దిక్కును. ట్యాగు పలకకపోవడానికి కారణాలు అనేకం: వేడిని ఆపే లోహపు పూత ఉన్న అద్దం, యాంటెన్నా వంపు, పక్క లైనులో రీడరు జోక్యం, ఎండకు ఊడిన జిగురు, బ్యాంకు జాబితా ఆలస్యంగా రావడం. వీటిలో వాహనదారుడి చేతిలో ఉన్నవి ఒకటో రెండో. 2021 ఫిబ్రవరి నుంచి ట్యాగు లేనివారికి రెట్టింపు రుసుం, 2025 నవంబరు నుంచి యూపీఐతో కడితే ఒకటింపావు వంతు అని సడలింపు వచ్చాయి. ట్యాగు కొనని మనిషినీ, కొన్న ట్యాగు పలకని మనిషినీ గేటు దగ్గర ఒకే గాటన కడుతున్నాం. కవచ్ తన లోటుగా ఒప్పుకున్నదాన్ని టోల్‌గేటు ఎదుటివాడి నేరంగా రాసుకుంటోంది.

మనుషులకు ట్యాగులు కట్టే దగ్గర ఇది మరింత ముదురుతుంది. కాలేజీల్లో కార్డు తాకిస్తే హాజరు పడే యంత్రం వచ్చిన వారంలోనే, ఒకడు నాలుగు కార్డులు జేబులో వేసుకుని వచ్చి నలుగురికీ ప్రాక్సీ వేయడం మొదలవుతుందని చదువుకున్నవాళ్లందరికీ తెలుసు. ఇది అల్లరి వరకే అయితే నవ్వుకోవచ్చు. మా వీధిలో ఇళ్ల గేట్లకు చెత్త సేకరణ కోసం ట్యాగులు బిగించినప్పుడు నవ్వు రాలేదు. చెత్తబండి వెంట వచ్చే ఆమె ప్రతి గేటు దగ్గరా రీడరు చూపించాలి. రీడరు పలికితే ఆ ఇంటి చెత్త తీసినట్టు లెక్క, నిజంగా తీశారా లేదా అన్నది యంత్రానికి తెలియదు. పలకకపోతే, చెత్త తీసినా తీయనట్టే. వానకు తడిసిన ట్యాగు ముందు నిలబడి ఆమె అదేపనిగా రీడరును అటూ ఇటూ తిప్పడం చూశాను. చెత్త అప్పటికే బండిలో ఉంది. ‘ఇది కొట్టకపోతే జీతంలో పట్టుకుంటారమ్మా’ అని మా పక్కింటావిడతో చెప్పింది. పని ఆమె చేసింది, సాక్ష్యం మాత్రం గేటు మీది ప్లాస్టిక్ బిళ్ల చేతిలో ఉంది. మూడు వీధుల అవతల ఒక మేస్త్రీ చెత్త తీయకుండానే ట్యాగులన్నీ స్కాన్ చేసుకుంటూ స్కూటరు మీద పోతాడని అందరికీ తెలుసు, అతని లెక్క నూటికి నూరు. నిజాయతీని కొలవడానికి పెట్టిన యంత్రం నిజాయతీ ఉన్నవాళ్లనే ఎక్కువగా పట్టుకుంటోంది.

2005 మొదట్లో కాలిఫోర్నియాలోని సట్టర్ అనే చిన్న ఊళ్లో బ్రిట్టన్ ఎలిమెంటరీ స్కూలు పిల్లల మెడలో ఇటువంటి ట్యాగు కార్డులు వేసింది. తల్లిదండ్రులు తిరగబడితే కొద్ది వారాల్లోనే సరఫరా చేసిన సంస్థ వెనక్కి తగ్గింది. అక్కడ వాళ్లు ఎత్తిన అభ్యంతరం ప్రధానంగా పిల్లల గోప్యత గురించి. అది సరైనదే, అయితే మన పరిస్థితికి అంతకంటే ముందు అడగవలసిన ప్రశ్న, బడి గేటులో కార్డు పలికిందని ఇంటికి సందేశం వస్తే పిల్లవాడు బడిలో ఉన్నట్టేనా అన్నది. అవునని నమ్మిన తల్లి ఆ తర్వాత ఫోను చేయడం మానేస్తుంది. తప్పుడు భరోసా ఏ భరోసా లేకపోవడం కంటే చెడ్డది.

మనుషులకు ట్యాగు ఎప్పుడూ తగదని కాదు. 2022 నుంచి అమర్‌నాథ్ యాత్రికులకు ఆర్‌ఎఫ్‌ఐడీ కార్డు తప్పనిసరి చేశారు. కొండదారిలో ఏ మలుపు దాటి ఎంతమంది వెళ్లారో తెలియడం వాన, వరద వచ్చిన రాత్రి ప్రాణాలకు సంబంధించిన విషయం. మారథాన్‌లో పరుగెత్తేవారి ఛాతీ మీది నంబరు వెనక కూడా ట్యాగే ఉంటుంది. ఈ రెండు చోట్లా కార్డు పలకడం దాన్ని ధరించినవాడికే మేలు. పలకకపోతే శిక్ష లేదు, వెతికే ప్రయత్నం ఉంటుంది. తేడా అంతా అక్కడే ఉంది, ట్యాగులో కాదు.

భద్రత సంగతి. 2022లో ఒక వీడియో విపరీతంగా తిరిగింది. అద్దం తుడిచే కుర్రవాడు చేతి గడియారంతో ఫాస్టాగ్‌ను చదివి డబ్బు కాజేస్తున్నాడని. అది కల్పితమని జాతీయ చెల్లింపుల సంస్థ ఖండించింది. సాంకేతికంగా చూసినా, ఫోన్లలోనూ గడియారాల్లోనూ ఉండేది 13.56 మెగాహెర్ట్జ్ పరికరం, ఫాస్టాగ్ పలికేది 865 దగ్గర. పైగా నమోదైన టోల్, పార్కింగ్ వ్యాపారుల ఖాతాకే తప్ప మనిషి నుంచి మనిషికి ఆ డబ్బు కదలదు. ఈ భయం ఉత్తిదే. ఉన్న భయాన్ని మాత్రం ఎవరూ పంచుకోరు. చాలా కార్యాలయాల్లో, అపార్టుమెంట్లలో తలుపు తెరవడానికి వాడే 125 కిలోహెర్ట్జ్ కార్డు అడిగినవాడికల్లా ఒకే సంఖ్య వల్లిస్తుంది, దాన్ని నకలు తీసే పరికరం ఆన్‌లైన్‌లో చవగ్గా దొరుకుతుంది. రహస్య సంకేతంతో వచ్చిన మైఫేర్ క్లాసిక్ కార్డుల రహస్యాన్ని పరిశోధకులు 2007–08లో ఛేదించారు. నెదర్లాండ్స్‌లోని రాడ్‌బౌడ్ విశ్వవిద్యాలయం ఆ పరిశోధనను ప్రచురించకుండా ఆపాలని తయారీదారు కోర్టుకెళితే, 2008 జులైలో కోర్టు ఒప్పుకోలేదు. అటువంటి కార్డు పలుకును ఉద్యోగి కదలికలకు తిరుగులేని రుజువుగా విచారణ ఫైళ్లలో పెడుతున్నారంటే, పెట్టేవారికి కార్డు గురించి తెలియదనే అనుకోవాలి.

బాగా కట్టినదానికి ఉదాహరణ, మన దేశంలో ఇప్పుడు ఇస్తున్న ఈ-పాస్‌పోర్టు. అందులోనూ ఇటువంటి చిప్పే ఉంది. అయితే పాస్‌పోర్టు లోపలి పేజీలో అచ్చయిన వరుసలను ముందుగా కంటితోనో కెమెరాతోనో చదివి, వాటిలోంచి తాళంచెవి తయారుచేస్తే తప్ప చిప్పు నోరు విప్పదు. మూసి ఉన్న పాస్‌పోర్టును పక్కన నిలబడి చదవలేరు. చిప్పులోని సమాచారం మీద జారీచేసిన దేశం డిజిటల్ సంతకం ఉంటుంది. ఇంత చేసినా చివరికి అధికారి ముఖం చూసి, ఫొటోతో పోల్చుకుంటాడు. చిప్పు చెప్పింది చిప్పు గురించేనని ఆ ఏర్పాటు చేసినవారికి తెలుసు.

ఇప్పుడు గేటే లేని టోలు వస్తోంది. బండి ఆగకుండా పోతుంటే పైన కమానులో ఉన్న రీడరు ట్యాగునూ, కెమెరా నంబరు ప్లేటునూ ఒకేసారి చదువుతాయి. గుజరాత్‌లోని చోర్యాసి టోల్ ప్లాజాలో ఇటువంటి ఏర్పాటుకు 2025 ఆగస్టులో ఒప్పందం కుదిరింది. కెమెరాను జోడించడం, ట్యాగు ఒక్కటే బండికి సాక్ష్యం కాదని ఎట్టకేలకు ఒప్పుకోవడమే కనుక నాకు సంతోషమే. కానీ గేటుతో పాటు, వెనక్కి తియ్యండి అని చెప్పే ఆ కుర్రవాడూ పోతాడు. ట్యాగు ఒక బండి పేరు చెప్పి, కెమెరా మట్టి కొట్టుకున్న ప్లేటును చూసి మరొకటి చదివిననాడు, వాదించడానికి ఎదురుగా మనిషి ఉండడు. నోటీసు ఇంటికి వస్తుంది. అందుకే ఆ కమానులు మన రహదారుల మీదికి రాకముందే మూడు విషయాలు నిబంధనల్లో చేరాలి. నోటీసుతో పాటు రెండు సాక్ష్యాలూ, అంటే ట్యాగు చదివిన సమయమూ, కెమెరా తీసిన ఫొటోనూ వాహనదారుడికి పంపాలి. రెండూ ఏకీభవించనప్పుడు రుజువు చేసే బాధ్యత వసూలుదారుడిదై ఉండాలి. చెల్లుబాటులో ఉన్న ట్యాగును కమాను చదవలేకపోతే 2018 నాటి సున్నా లావాదేవీ నియమం దానంతటదే వర్తించాలి, అడిగినవాడికి మాత్రమే కాదు. అది వర్తించిందని చూపించే వరుస ఒకటి వాహనదారుడి ఖాతా తెర మీద, రుసుం కట్ అయిన వరుసల పక్కనే, కనిపించాలి.